రెండు డ్రమ్ములూ విప్పిన వజీహ్

అలెగ్జాండ్రియాలో పాత ట్యాక్సీ నడిపేవాడెవడూ చేయకూడని పని వజీహ్ చేశాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు రెండూ ఒకేసారి విప్పేశాడు. ఒక పక్క విప్పితే రెండో పక్క ముట్టుకోకూడదు. ఏ స్ప్రింగు ఎక్కడ తగిలించాలో దాన్ని చూసే బిగించాలి. ఇప్పుడు స్ప్రింగులన్నీ ఒకే తట్టలో కలగాపులగంగా పడి ఉన్నాయి. మధ్యాహ్నం ఆఫీసు మూసేలోపు కారు తనిఖీకి వెళ్లాలి, లేకపోతే నంబరు ప్లేటు పీకేస్తారు. పాత కార్లంటే దొరలకు చిరాకు. వాటి మీద బతికే కడుపులు వాళ్ల కంటికి ఆనవు.

వజీహ్ దగ్గరున్నది మామూలు పట్టుకారు. అది జారినప్పుడల్లా స్ప్రింగు ఎగిరి వేళ్లు చెక్కుకుపోతున్నాయి. అసలు పనిముట్టు పక్క షెడ్డులో ఉంది. ఒక కొస కొక్కెంలా వంచి, రెండో కొసకు గుంట తీసిన ఇనుప చువ్వ అది. ఈ స్ప్రింగుల కోసమే మెకానిక్ లబీబ్ సొంతంగా అరగదీసుకున్నాడు. లబీబ్ వజీహ్ భార్యకు తమ్ముడు. "ఆ పళ్లు పీకే సామాను నాకెందుకురా" అని మొన్ననే వజీహ్ వీధంతా వినేలా వాణ్ని వెక్కిరించాడు.

ఆ వీధిలో పనిముట్టు ఊరికే చేతికివ్వరు. అడగవచ్చినవాడు గుమ్మంలో పీట మీద కూర్చుని టీ తాగాలి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎన్ని మాటలన్నా పడాలి. వజీహ్ వెళ్లి కూర్చున్నాడు.

లబీబ్ కావాలనే పెద్ద గ్లాసు నింపాడు.

"ఏం బావా, పన్ను నొప్పా?"

"ఇస్తావా, ఇవ్వవా?"

"నిదానంగా తాగు, కాలుద్ది. ఇంతకీ ఏ పక్క విప్పావు?"

"రెండూ," గొణిగాడు వజీహ్.

లబీబ్ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. "అక్కా! మీ ఆయన రెండూ విప్పాడంట!"

మేడ మీంచి నాద్రా తొంగిచూసింది. "పెళ్లినాడు బూట్లు కూడా కుడిది ఎడమకి వేసుకొచ్చాడ్రా! నీ వాగుడాపి పని చూడు. ఆ ప్లేటు పోయిందంటే మీ బావని మూడు పూటలా నీ ఇంట్లోనే కూర్చోబెడతా."

వజీహ్ మిగిలిన టీ ఒక్క గుక్కలో మింగి నాలుక కాల్చుకున్నాడు. లబీబ్ చువ్వ పట్టుకుని వచ్చాడు. తీరా తట్ట ముందు కూర్చుంటే వాడికీ ఏమీ పాలుపోలేదు. వాడి సొంత కారు కూడా అదే రకం. పెళ్లి ఊరేగింపులకు తప్ప దుమ్ము సోకనివ్వకుండా గుడ్డ కప్పి ఉంచుకుంటాడు. దానివైపు చూసి, నిట్టూర్చి, గుడ్డ లాగి జాకీ పెట్టాడు.

"ఒక్క పక్కే, బావా. చూసి నేర్చుకో, మనుషులు ఇలా విప్పుతారు."

అందులో చూసుకుంటూ ఇందులో బిగించారు. కొక్కెం తగిలించి చువ్వ వంచితే స్ప్రింగు కిక్కురుమనకుండా వెళ్లి కూర్చుంది.

తనిఖీకి ఇద్దరూ వెళ్లారు. అధికారి చెయ్యెత్తి "ఆపు!" అన్నాడు. వజీహ్ తొక్కాడు. కారు నేలలో పాతినట్టు ఆగింది. పక్కన కూర్చున్న లబీబ్ నుదురు వెళ్లి అద్దానికి ఠంగున కొట్టుకుంది.

అధికారి ముద్ర తీశాడు.

"కాగితం మీద ఎందుకయ్యా," అన్నాడు లబీబ్ బొప్పి తడుముకుంటూ, "ఇక్కడ కొట్టండి, ప్లేటు కంటే ఇదే బాగా కనపడుద్ది."