మిగిలినదీ మిగిల్చినదీ

పెరియంపట్టి పక్కన, అరవం నడుమ తెలుగు మాట్లాడే ఆ పల్లెలో చద్దన్నాన్ని పాపక్కలాగా సాగదీయగలవాళ్ళు మరొకరు లేరు. బడిలో మధ్యాహ్న భోజనం వండేచోట ఆమె సహాయకురాలు. పిల్లలు తిని లేచాక గుండిగ అడుగున మిగిలిన అన్నాన్నీ పులుసునూ మూతా పట్టుకొనే పిడీ ఉన్న రెండు తూక్కుగిన్నెల్లో ఇంటికి తెచ్చుకొనేది. ఎలాగూ పారబోసేదే కనుక అడ్డు చెప్పేవారు లేరు. ఆ అన్నం రెండు పిడికిళ్ళు ఎసట్లో వేసి, మెత్తబడ్డాక రాగిపిండి పోసి గెలికితే, వేరే నూక అక్కరలేకుండానే ముగ్గురికి సంగటి అయ్యేది. పులుసులో ఉడికిన ఉలవలూ దొడ్లో దూసిన మునగాకూ వేసి మరగనిస్తే గిన్నెడు పులుసు రెండు గిన్నెలయ్యేది. నీళ్ళతో పెంచిన పులుసు కాదది. తిన్నవాళ్ళ ఒంటికి పట్టేది. రాత్రి తినగా మిగిలిన సంగటి ముద్ద నీళ్ళలో నాని, తెల్లవారేసరికి పులిసి, కాస్త మజ్జిగతో అంబలిగా మారేది.

ఆ ఏడు, 2003లో, వానలు మళ్ళీ మొండిచెయ్యి చూపాయి. బావిలో బురద సైతం ఎండింది. కొడుకు మోహన్‌రాజ్ బోరుబండి ముఠాతో ఉత్తరాదికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నది పాపక్క, కోడలు జయప్రియ, రెండో తరగతి చదివే మనవరాలు శాలిని. జయప్రియకు క్షయ.

బంధువుల మాట మీద ముందు తీర్థమలై కొండకు తీసుకుపోయి, రోగాలు పోగొడతాయనే ధారల కింద నిలబెట్టారు. చన్నీళ్ళకు జ్వరం ఎక్కువైంది. రోగం ఉన్నచోటనే ఉంది. ఆ తర్వాతే ఆసుపత్రి గుర్తుకొచ్చింది. వారానికి మూడు రోజులు, ఆరు నెలలపాటు, ఒక్కసారి కూడా తప్పకుండా మాత్రలు వేసుకోవాలనీ, కడుపునిండా తిని మరీ వేసుకోవాలనీ డాక్టరు చెప్పాడు. మధ్యలో మానితే ఆ పైన ఏ మందూ పనిచేయకపోవచ్చునని కూడా చెప్పాడు. ఖాళీ కడుపున మింగిన రోజు జయప్రియ ఏడు మాత్రలూ కక్కేసింది. ఆనాటినుంచి పాపక్కకు తూక్కు నిండటమంటే కోడలు బతకటం.

మూడు నెలలు అలాగే గడిచాయి. ఫిబ్రవరి ఎండలు మొదలయ్యేసరికి బడిలో వరస మారింది. ఒక్క గరిటె చాలని పళ్ళెం వెనక్కి లాక్కొనే పిల్లలు రెండోసారి వచ్చి నిలబడుతున్నారు. పొద్దున చాలా ఇళ్ళలో పొయ్యి వెలగటం లేదు. మొదటి రోజు తూక్కు ఖాళీగా ఇంటికొచ్చింది. రెండో రోజు అడుగున నాలుగు మెతుకులు. మూడోది మాత్రల రోజు. ఆ రోజు పాపక్క గరిటెను గుండిగలో ముంచి, పైకి తీసేటప్పుడు అంచుకు ఆనించి రవ్వంత వంచింది. గుట్టగా లేవవలసిన అన్నం గరిటె మట్టానికే లేచింది. రెండో మారు వచ్చినవాళ్ళను అయిపోయిందని పంపేసింది. తూక్కు నిండింది.

ఒక్కొక్కరికి చిటికెడు తగ్గితే ఏమవుతుందని తనను తాను ప్రశ్నించుకొంది. జవాబు తెలియక కాదు, తెలిసే, మరునాటినుంచి ఆ ప్రశ్న వేసుకోవటం మానేసింది.

మూడు వారాలపాటు జయప్రియ కడుపులో మాత్రలు నిలిచాయి. దగ్గు తగ్గింది. ఒకనాడు గుండిగలు తోముతూ వంటమనిషి చెన్నమ్మ, తల ఎత్తకుండానే మాట కదిపింది.

“రెండోసారి వచ్చిన పిల్లోళ్ళను లేదని పంపిస్తావు. నీ తూక్కులో అన్నముండాది. అది మిగిలినదా అక్కా, మిగిల్చినదా?”

రెండు మాటలకూ నడుమ తేడా ఒక్క ఒత్తు. పాపక్కకు తెలుగు అక్షరాలు రావు. తేడా మాత్రం చెవికి అందింది.

“మాత్రలు కక్కతాది చెన్నమ్మా, ఆ పిల్ల,” అంది.

“నేనెవురికీ చెప్పను. నీకు చెప్తుండాను, అంతే.”

మరునాడు పాపక్క ప్రతి పళ్ళెంలోనూ నిండు గరిటె పెట్టింది. అడిగినవాళ్ళకు మళ్ళీ పెట్టింది. గుండిగ అడుగు తేలింది. పనివాళ్ళకిచ్చే తన వంతు అన్నం మాత్రం తినకుండా ఇంటికి తెచ్చింది. సగం కడుపుకైనా అది చాలలేదు. జయప్రియ మాత్రలు మింగి, గడియ తిరగకముందే గోడ పట్టుకొని వాకిట్లోకి నడిచింది. తిరిగి వచ్చి మూలన కూర్చుని చాలాసేపు రొప్పింది. బడిలో జరిగినదంతా అత్త చెప్పగా విన్నది.

“నేను బతకాలత్తా,” అంది చివరికి. “శాలిని కోసరమని అబద్ధమెందుకు చెప్పాల. నాకే బతకాలనుండాది. ఎట్లన్నా తే.”

ఆ మాటకు కోపం తెచ్చుకోవటానికి పాపక్క ప్రయత్నించింది. కోపం రాలేదు.

తర్వాతి మాత్రల రోజు కూడా అందరికీ నిండు గరిటెలే పడ్డాయి. వరసలో శాలిని పళ్ళెం ముందుకు వచ్చింది. పాపక్క గరిటె ముంచి, లేపి, సగం అన్నాన్ని గుండిగలోకి జార్చి, తక్కినది పళ్ళెంలో వేసింది. పిల్ల పళ్ళెం వైపు చూసి, అవ్వ వైపు చూసి, కదలకుండా నిలబడింది.

“పో, వెనకాలోళ్ళుండారు,” అంది పాపక్క.

పిల్ల వెళ్ళిపోయింది. ఆ సగానికి తన వంతు కలిపితే జయప్రియకు సరిపోయింది. చెన్నమ్మ ఇదంతా చూసింది. మరునాటినుంచి శాలిని పళ్ళెం చాచి గరిటె వైపు చూడటం కూడా మానేసింది. ఎంత పడితే అంత తీసుకొని పక్కకు జరిగేది.

ఏప్రిల్ చివర ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. నర్సు జయప్రియను తూకం మీద నిలబెట్టి, రెండు కిలోలు పెరిగిందనీ, ఇలాగే తింటే గండం గడిచినట్టేననీ చెప్పింది. పాపక్క చేతులు జోడించింది. జయప్రియ కిందికి దిగగానే శాలిని, ఆడుకొనే పిల్ల గనక, తానూ ఎక్కి నిలబడింది. సూది కదిలింది.

అది ఒక చోట నిలవకముందే పాపక్క పిల్ల రెక్క పట్టి కిందికి లాగింది.

“దిగు. అది రోగమున్నోళ్ళకు.”

శాలిని పక్కకు జరిగింది. జయప్రియ వంగి చెప్పులు తొడుక్కొంటూ, తల పైకెత్తటానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపే తీసుకొంది.