ఆరున్నొకటి

2008 జూన్ 11, బుధవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి మైదుకూరు పసుపు వ్యాపారి రామకోటయ్య తన దుకాణంలో కాటా పక్కన పడిపోయాడు. వయసు యాభై ఎనిమిది. పడేముందు "తలకాయ పగిలిపోతాండాది" అన్నాడని హమాలీ దేవేంద్రప్ప చెప్పాడు. ఆ మాట నిజమే. మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి, పగిలింది. మొదట కడపకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. తల తెరిచి పగిలిన చోట క్లిప్పు వేశారు. ఇరవై మూడు రోజుల తరువాత ఇంటికి పంపారు.

కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. మాట తడబడలేదు. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే లేచి వెళ్లిపోయేవాడు. పేపరు మొదటి పేజీ దాటకముందే నిద్రపోయేవాడు. ఆగస్టులో దుకాణానికి పోవడం మొదలుపెట్టిన మూడో రోజు, కాటా మీద బస్తా ఉండగానే లేచి ఇంటికొచ్చి పడుకున్నాడు. అరగంట తరువాత దేవేంద్రప్ప వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"సావుకారీ, బస్తా కాటా మీదే ఉండాది. దించాల్నా, అట్లే ఉండనీమంటారా?"

మరునాడు కొడుకు మురళి తాళాల గుత్తి తన జేబులో వేసుకున్నాడు.

"డాక్టరు నీ తల బాగుందని కాయితం రాసియ్యనీ నాయనా. ఆ పొద్దే తాళాలు నీ చేతిలో పెడతా."

"నా దుకాణంలో నేను కూర్చునేదానికి కాయితమా?"

"కాయితమే."

ముప్పై ఆరేళ్లుగా గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి ఆ రోజు నుంచి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. దారినపోయే ప్రతివాడూ "ఎట్లుండావప్పా?" అని అడిగేవాడు. వారం తిరిగేసరికి ఆ ప్రశ్న అడిగినవాణ్ణి కొట్టాలనిపించింది.

కర్నూలులో తలను చూసే డాక్టరు హరినాథ్ న్యూరోఫీడ్‌బ్యాక్ అనే చికిత్స ఉందని చెప్పాడు. ఆయన క్లినిక్‌లోనే బెంగళూరు నుంచి కొత్తగా మిషను తెప్పించారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం రావాలి. నాలుగుసార్లకొకసారి చిన్న పరీక్ష పెడతారు. అందులో తప్పులు ఒకటికి మించకపోతే కాయితం ఇస్తారు.

సెప్టెంబరు 16న మొదలైంది. భార్య నాగేంద్రమ్మ తోడు. ఉదయం అయిదున్నర బస్సెక్కితే ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు చేరేసరికి పది దాటేది.

మిషను చూసే అమ్మాయి పేరు ప్రణీత. పాతికేళ్లుంటాయి. పెరిగిందీ చదివిందీ బెంగళూరులోనే. ఆమె అతని తల మీద మూడు చోట్ల జిగురు రాసి తీగలు అంటించింది. మెదడులో పుట్టే అలలను ఆ తీగలు కంప్యూటరుకు పంపుతాయని చెప్పింది. తెర మీద ఒక రైలు కనిపించింది. అలలు కావలసిన తీరులో ఉంటే రైలు నడుస్తుంది, లేకపోతే ఆగుతుంది. దాన్ని చూసి చూసి మెదడు దారికి వస్తుంది. చికిత్స అంతే.

"నేనేం చేయాల పాపా?"

"ఏమీ చేయకూడదు అంకుల్. ఊరికే చూడండి."

రామకోటయ్య రైలును చూశాడు. రైలు ఆగింది. ఇంకా గట్టిగా చూశాడు. కదల్లేదు.

"గట్టిగా చూడకండి. ప్రయత్నం చేస్తే ఆగిపోతుంది."

"ప్రయత్నం చేస్తే ఆగిపోతాదా?"

"అవును. వదిలేయండి. దాని పాటికి అది పోతుంది."

పక్క స్టూలు మీద కూర్చున్న నాగేంద్రమ్మ కలగజేసుకుంది. "పుట్టినాక ఒక్కపొద్దు ఊరికే కూర్చున్న మనిషి కాదు పాపా. ఇప్పుడు నేర్చుకోమంటే యాడ నేర్చుకుంటాడు?"

"నువ్వు మాట్లాడితేనే ఆగిపోయింది చూడు," అన్నాడు రామకోటయ్య.

"నేను నోరు తెరవకముందే ఆగింది."

రెండోసారి వచ్చినప్పుడు నాగేంద్రమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. రైలు నడిచి, ఆగి, నడిచింది. అరగంటయ్యాక అతను అడిగాడు.

"ఇంతకీ ఈ బండి యాడికి పోతాది?"

"ఎక్కడికీ పోదు అంకుల్. పోతూ ఉంటుంది."

"స్టేషన్ రాదా?"

"రాదు."

"మల్ల నన్నేంటికి ఎక్కించినావు?"

ప్రణీత నవ్వింది. అతను నవ్వించడానికి అనలేదు.

నాలుగోసారి పరీక్ష పెట్టింది. బొమ్మలు చూపించి, దాచి, ఏమేం చూశారని అడిగింది. చెప్పాడు. నూరులోంచి ఏడు చొప్పున తీసేయమంది. ఆమె గడియారం నొక్కేలోపు అరవై అయిదు దాకా దిగాడు. చివరగా, అంకెలు మొదటి నుంచి ఇరవై దాకా చెప్పమంది. ఇంతకన్నా తేలిక ఏముందనుకున్నాడు. చెప్పాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

కాటా దగ్గర బస్తాలు ఎట్లా లెక్కపెడతాడో అట్లాగే, ఊపిరి తిప్పుకోకుండా ఇరవై దాకా పోయాడు. ప్రణీత కలం రెండుసార్లు కదిలింది. పరీక్ష నడుమ ఆమె మాట్లాడకూడదు. తరువాత కూడా ఎక్కడ తప్పిందో చెప్పకూడదు. చెబితే మనిషి ఇంటికి పోయి బట్టీపట్టి వస్తాడు.

"రెండు తప్పులు అంకుల్. పర్వాలేదు, బాగుపడతారు."

అక్టోబరు 10న రెండు తప్పులు. అక్టోబరు 24న రెండు తప్పులు. ఈలోగా రైలు ఆగకుండా పదకొండు నిమిషాలు నడిచింది. ఇంట్లో పేపరు చివరి పేజీ దాకా చదువుతున్నాడు. నలుగురు మాట్లాడుతుంటే కూర్చోగలుగుతున్నాడు. రిపోర్టులో మాత్రం ప్రతిసారీ అదే ఇంగ్లీషు వాక్యం. మురళి దాన్ని చదివి తెలుగులో చెప్పాడు.

"మాటకు బదులు ఇంకో మాట వస్తాండాదంట నాయనా."

"ఏ మాటకు ఏ మాట?"

"అది రాయలే."

ఆ నెల 28న దీపావళి. దుకాణంలో లక్ష్మీపూజకు పీట మీద మురళి కూర్చున్నాడు. రామకోటయ్యకు కుర్చీ వేశారు. హారతి అయ్యేదాకా ఉండి, ప్రసాదం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాడు. నాగేంద్రమ్మ వెనకాలే వచ్చింది.

"ఇదిగో, దీనికి కూడా ఆ పాప తప్పు రాస్తాది," అంది.

"రాసుకోనీ. నేను మాత్రం ఆ రైలెక్కను."

ఎక్కాడు. నవంబరు 11, మంగళవారం, పదహారోసారి. నాలుగో పరీక్ష. లెక్క ముగిసింది. ప్రణీత కలం రెండుసార్లు కదలడం ఈసారి అతను చూశాడు.

"ఆ షీటు సూపీ పాపా."

"చూపించకూడదు అంకుల్."

"అయితే ఈ తీగలు పీకెయ్. ఇరవై ఇండ్ల పంచాయితీ చెప్పినోణ్ణి. నా తప్పు ఏందో నాకు చెప్పకుండా నాకు శిక్ష వేస్తాండావు. ఏమే, నాగేంద్రా! లోపలికి రా. పోదాం పా."

నాగేంద్రమ్మ లోపలికి వచ్చింది. ప్రణీత తలుపు వైపు చూసి, షీటు తిప్పి పెట్టింది.

"మొదటి అంకె ఏంటి అంకుల్?"

"లాభం."

"చూశారా? నాలుగుసార్లూ అదే అన్నారు. ఒకటి అనడం లేదు. మెదడులో దెబ్బ తగిలితే అలా మాట మారిపోతుంది. మీకు తెలియదు."

రామకోటయ్య షీటు మీదికి వంగి చూశాడు.

"లాభం అంటే ఒకటే కదమ్మా."

"లాభం అంటే ప్రాఫిట్ కదా అంకుల్?"

"అవును. అందుకే. కొలత మొదలుపెట్టేటప్పుడు ఒకటి అని ఎవుడంటాడు? మా తాత లాభమనె, మా నాయన లాభమనె."

"మరి ఇది? ఆరు తరువాత ఆరు ఒకటి అన్నారు."

"ఆరున్నొకటి."

"అంటే?"

"ఆరు మింద ఒకటి."

"ఏడు."

"ఆ మాట కాటా దగ్గర అనం. ఏడుపు మాట."

"పదిహేడు మాత్రం సరిగ్గా అన్నారే?"

"దానికి దోషం ల్యా."

నాగేంద్రమ్మ స్టూలు మీద కూర్చుంది. "దీనికోసమా రెండు నెలలుగా మేము తెల్లారక ముందే లేచి బస్సెక్కుతాండేది? నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పిందును కదా తల్లీ!"

"మిమ్మల్ని బయట కూర్చోబెట్టాం కదా ఆంటీ," అంది ప్రణీత. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. షీటు తీసుకుని డాక్టరు గదికి వెళ్లింది. వాళ్లిద్దరూ వెనకాలే వెళ్లారు.

హరినాథ్ షీటు చూసి నవ్వాడు. "మా తాత కూడా లాభమే అనేవాడు సార్. మాది వేటపాలెం."

"అయితే కాయితం రాసియ్యండి."

"అది కుదరదు. ఇది అచ్చయిన ఫారం. ఒకటి దగ్గర ఒకటి, ఏడు దగ్గర ఏడు ఉండాలి. శుక్రవారం మళ్లీ పెడతాం. ఆ రెండు మాటలూ అనేయండి, అయిపోతుంది."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. నంద్యాలలో బస్సు ఆగాక నాగేంద్రమ్మ మొదలుపెట్టింది.

"ఒక్కసారి అనేయండి. కర్నూల్లో అంటే మైదుకూర్లో దుకాణానికి ఏమైతాది? నూటనలభై కిలోమీటర్లు ఉండాది."

"దోషానికి కిలోమీటర్లు ఉంటాయా?"

"మల్ల ఏడుకొండలవాడా అని దండం పెడతారే?"

"దేవుని పేర్లో ఉంటే అది లెక్క కాదు."

"నూర్లోంచి ఏడు చొప్పున తీసేయమంటే తీసేసినారే?"

"ఆ మాట ఆ పాప అనింది. నేను తీసేసినా, అంతే."

"సరే. కుర్చీలోనే కూర్చోండి. ఎట్లుండావప్పా అని అడిగేటోళ్లు ఊర్లో శానామంది ఉండారు."

చాగలమర్రి దాటాక అతను కిటికీ వైపు తిరిగాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో ఆమెకు వినపడలేదు.

నవంబరు 14, శుక్రవారం, పదకొండున్నర. ఈసారి హరినాథ్ కూడా గదిలో కూర్చున్నాడు. నాగేంద్రమ్మను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. బొమ్మలు అయ్యాయి. తీసివేత అయింది.

"ఇప్పుడు అంకెలు అంకుల్."

"ఒకటి," అన్నాడు రామకోటయ్య. అని డాక్టరు వైపు చూశాడు. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

ఆగాడు. ప్రణీత చేతిలో గడియారం నడుస్తోంది. నాగేంద్రమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఏడు," అన్నాడు. నోట్లో రాయి పడ్డట్టు ముఖం పెట్టాడు. "ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు, పదిహేను, పదహారు..."

ఇరవై దాకా పోయాడు. ప్రణీత కలం ఒకసారి కదిలింది.

"పోయినాయా రెండూ?"

"పోయాయి అంకుల్. ఒకటి, ఏడు రెండూ చెప్పారు." ఆమె డాక్టరు వైపు చూసింది. అతను తల ఊపాడు. "పద్నాలుగు చెప్పలేదు."

"చెప్పినా."

"లేదు అంకుల్."

రామకోటయ్య తలుపు వైపు తిరిగాడు.

"చెప్పలేదండీ," అంది నాగేంద్రమ్మ.

"ముప్పై ఆరేండ్లలో నేను పద్నాలుగు మరిసిపోయిందే ల్యా. మీ రెండు మాటలు పట్టుకోని పోతా ఉంటే అది జారిపోయింది."

"కావచ్చు సార్," అన్నాడు హరినాథ్. "ఎట్లా పోయినా రాయాల్సిందే. ఒక్క తప్పుకు కాయితం ఇస్తాం."

కాయితం రాసి సంతకం పెట్టాడు. మనిషి తన పని చూసుకోవచ్చని అందులో ఉంది. చివర "తప్పులు: 1" అని ఉంది.

ఆ సాయంత్రం ఏడున్నరకు మురళి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈ ఒక్కటి ఏంది నాయనా? లాభమేనా?"

"కాదు."

"మల్ల?"

"పద్నాలుగు."

మురళి కాయితం మడిచి బల్ల మీద పెట్టాడు. తల్లి వైపు చూశాడు. ఆమె గిన్నెలు సర్దుతోంది. అతను గుత్తి జేబులోంచి తీసి, దుకాణం తాళంచెవీ గల్లాపెట్టె తాళంచెవీ వేరుచేసి తండ్రి చేతిలో పెట్టాడు.

"గోడౌనుది?"

"కొన్నాళ్లు పోనీ."

నవంబరు 17, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి రామకోటయ్య దుకాణం తెరిచాడు. గోడౌను మురళి తెరిచాడు.