రెండింతల పెట్టె

రేకుపెట్టెలు చేయడంలో చిన్నల్లుడిది అందెవేసిన చెయ్యి. ఆ ముక్క అత్తగారి నోట మాత్రం ఏనాడూ రాలేదు. ఆవిడకు పెద్దల్లుడు ఏం చేసినా బంగారమే. అతనిదీ రేకుల పనే. అతను చేసిన రెండడుగుల పిండిపెట్టెనూ, పెరట్లోని కోళ్లగూటినీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించి మురిసిపోయేది.

అలాంటిది, పిండిపెట్టె చాలడం లేదు, దీనికి రెండింతలు పట్టేది కావాలని ఈసారి చిన్నల్లుణ్ణి అడిగింది. ఇక చూడాలి మనవాడి హడావిడి! రెండింతలంటే రెండుకు నాలుగు, ఇందులో బుర్ర బద్దలుకొట్టుకునేదేముంది? పొడుగు నాలుగడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు నాలుగు. అద్దంలా తోమి మరీ తీసుకెళ్లాడు. తీరా చూస్తే కొట్టుగది గుమ్మం మూడడుగులే.

అత్తగారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. మరో రెండు రోజుల్లో సరైన పెట్టె రాకపోతే పెద్దల్లుడికి కబురు పెడతానంది. చిన్నల్లుడికి తల కొట్టేసినట్టయింది. తోడల్లుడి ముందు చిన్నబోవడం కంటే ఘోరం అతనికి ఇంకోటి లేదు.

ఇంటికొస్తే భార్య పడీ పడీ నవ్వింది. మూడు వైపులా రెట్టిస్తే అయ్యేది రెండింతలు కాదు, ఎనిమిదింతలని చెప్పి, రేకు మీద సుద్దముక్కతో లెక్క వేసింది. పాత పెట్టెలో పట్టేది ఎనిమిది ఘనపుటడుగులు. కావలసింది పదహారు.

"ఏ అంకెను దాంతోనే గుణించి, మళ్లీ దాంతోనే గుణిస్తే పదహారొస్తుందో అదే మీ కొలత. బళ్లో ఘనమూలం అనేవాళ్లు. రెండు పెడితే ఎనిమిదే, మూడు పెడితే ఇరవై ఏడు. మధ్యలో వెతకండి" అంది.

రెండున్నర పెట్టి చూశాడు. పిసరంత తక్కువైంది. ఇంకో పావంగుళం కలిపితే సరిపోయింది, ప్రాణం లేచొచ్చింది.

కొత్త పెట్టె గుమ్మం దాటి హాయిగా లోపలికెళ్లింది. పాత పెట్టెతో రెండుసార్లు పిండి పోస్తే అంచుదాకా నిండింది. అయినా అతనికి మనసు కుదుటపడలేదు.

"లెక్క తప్పాను అత్తయ్యగారూ. మా తోడల్లుడైతే మొదటిసారే సరిగ్గా చేసేవాడు" అన్నాడు.

అత్తగారు అతణ్ణి పెరట్లోకి తీసుకెళ్లి కోళ్లగూటి ముందు నిలబెట్టింది.

"అతను మొదట చేసిన పిండిపెట్టె ఇదే బాబూ. అప్పుడూ రెండింతలే అడిగాను, అప్పుడూ గుమ్మంలో పట్టలేదు. పాపం, మొహం వేలాడేసుకున్నాడు. అందుకని పోయి కోళ్లను కొనుక్కొచ్చాను."

చిన్నల్లుడికి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఇన్నాళ్లూ ఆ గూటిని చూసి కుళ్లుకున్నాడు మరి.

"నీ పెట్టె ఇంకా పెద్దది" అంది అత్తగారు. "రేపు మేకను కొందాం, తోడు రా."