ట్యాంకు కింద ముడి

ఒక దగ్గు. ఇంకో దగ్గు. ఆ తర్వాత ఏమీ లేదు...

షెడ్డు నిండా పెట్రోలు వాసన, చలికి గడ్డకట్టినట్టు కదలకుండా నిలబడి ఉంది.

ఇస్సాత్ మళ్లీ స్టార్టరు తాడు లాగుతాడు. మంచు మీద నడిచే ఆ మోటారుబండి మళ్లీ దగ్గి ఊరుకుంటుంది.

గుమ్మంలో కూతురు రిస్తెన్ నిలబడి ఉంది — ఆయన కోసం తెచ్చిన కాఫీ కప్పుతో. కాఫీలో, వాళ్ల అలవాటు ప్రకారం వేసిన జున్ను ముక్క మెత్తబడిపోతోంది.

ఆయన తొందరపడడు. మూత తీస్తాడు. ప్లగ్గు విప్పి, వేలితో రాసి, వాసన చూస్తాడు. పొడిగా ఉంది. "పెట్రోలు అందట్లేదే దీనికి," అంటాడు. ఫిల్టరు ఊది చూస్తాడు. బాగుంది. బెల్టు పొడవునా పగుళ్ల కోసం తడుముతాడు. అదీ బాగుంది.

చూపు తగ్గిపోతున్న మనిషి, చేతులతో చూస్తున్నాడు.

ట్యాంకు కింద, ఆయన మోటు వేళ్లు దూరని సందులో, పెట్రోలు పైపును రిస్తెన్ కట్టేసింది. బొట్టు బొట్టు తప్ప దిగకుండా. రెయిన్‌డీర్ నరంతో పేనిన దారం అది — బూట్లు కుట్టుకోమని ఆయనే పేనిచ్చాడు.

ఏం చేస్తుంది మరి? మొన్న బండి మీద పోతూ, నది మంచు మధ్య నల్లగా తెరుచుకున్న నీళ్లను నీడ అనుకున్నాడు ఆయన. నేరుగా అటే పోనిచ్చాడు. తమ్ముడి కొడుకు మాహ్తే తన బండి అడ్డం పెట్టాడు కాబట్టి సరిపోయింది. వద్దంటే వినడు. రెయిన్‌డీర్ల మంద సముద్రం వైపు కదలబోతోంది, మంద వెనక తనుండాలంటాడు.

బతకాలనే కట్టింది. అంతే.

అంతే అయితే... కంటి మీద కునుకెందుకు రాదు?

మాహ్తే వచ్చాడు. రాగానే వేళాకోళం. "ఏం పెదనాన్నా, ఇంజనుకి చెవి పెట్టి రోగం చెప్పేసేవాడివిగా! సర్వీసింగు బండికి కాదు, నీ చెవులకి చేయించాలి."

"పోరా! రేపు నీ బండి మొరాయిస్తే ఎవరి గుమ్మం ఎక్కుతావో చూస్తా," అని ఇస్సాత్ నవ్వాడు.

వాడు వెళ్లాక నవ్వలేదు. ఇంజను మీదికి చెవి వంచి, ఇంకోసారి తాడు లాగాడు.

"కళ్లు పోతే పోయాయనుకున్నానే," అన్నాడు. "చెవులు కూడానా?"

పైపునే కట్టాననుకుంది రిస్తెన్... కాదు. ఊళ్లో ఇంజన్లన్నిటి గొంతూ ఎరిగిన మనిషికి తన మీద తనకే నమ్మకం లేకుండా చేసింది. పాపం చేసింది.

చెబితే — రేపు నది మీద ఉంటాడు.

చెప్పకపోతే — ఇలాగే, ఈ షెడ్డులోనే, రోజూ కొంచెం కొంచెంగా...

"ఇటు రా తల్లీ. నీ వేళ్లు సన్నం. ట్యాంకు కింద చెయ్యి పెట్టి పైపంతా తడుము. నువ్వు ఏం లేదంటే లేనట్టే. ఇక బండి జోలికి పోను."

కప్పు కింద పెట్టి మోకరిల్లింది. చెయ్యి దూర్చింది. చల్లటి ఇనుము. నూనె జిడ్డు. రబ్బరు. ముడి.

ఆయన టార్చి వెలిగించాడు, కూతురికి కనబడాలని. వెలుగు ఇంజను మీద పడలేదు. మూరెడు పక్కగా, గోడ మీద పడింది. అక్కడే, చెయ్యి వణక్కుండా, జాగ్రత్తగా పట్టుకున్నాడు.

"వెలుగు సరిపోతోందా అమ్మా?"

"సరిపోతోంది నాన్నా."

"అయితే చెప్పు. ఏమైనా తగిలిందా?"

ముడి ఆమె వేళ్ల కిందే ఉంది. ఆయన ఎదురుచూస్తున్నాడు...