కొత్త టైరును అరగదీసిన పూట

లారీ టైరు మిషన్ మీద తిరుగుతోంది. సంజీవ రెండు చేతులతో పిడి పట్టుకుని పళ్లచక్రాన్ని దానికి ఆనిస్తున్నాడు. అరిగిన పొర తురుముగా లేచి మీసాల మీద, రెప్పల మీద పడుతోంది. గీరడం అయ్యాక షెడ్డు యజమాని మల్లయ్య కొత్త రబ్బరు అంటించి ఉడికిస్తాడు. సాగర్ రోడ్డు మీద సంజీవ ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. పాత టైరును ఇంకొన్నాళ్లు నడిపించడం.

బయట ఆటోలో అతని భార్య సునంద ఉంది. హయత్‌నగర్ దవాఖానలో దమ్ము డాక్టరు మధ్యాహ్నం దాకే ఉంటాడు. రాత్రంతా సంజీవ పడుకోలేదు, దగ్గుతూ కూర్చున్నాడు.

"వస్తున్నవా, ఆటోను పంపియ్యాల్నా?"

"ఇది దించి వస్త."

దించేలోపు రమాకాంత్ వచ్చాడు. కొంగరకలాన్‌లో ప్లాట్లు అమ్ముతాడు. జీపులోంచి రెండు టైర్లు దించాడు. ఒకటి కొంత అరిగింది, ఒకటి కొత్తది.

"కొత్తదాన్ని గీరి పాతదానంత చెయ్యాలె, అన్నా."

సంజీవ మల్లయ్య వైపు తిరిగాడు. "పొద్దుగాలనే తాగిండా ఈ సారు?"

"నేను ఒప్పుకున్న," అన్నాడు మల్లయ్య. "ఒక్కటే గద."

రమాకాంత్ నవ్వాడు. "రేసు కారన్నా. ఒక టైరు పగిలింది. ఇంజన్ బలం నాలుగు చక్రాలకు పోతది. ఏది జారితె దానికి తగ్గించి, పట్టున్నదానికి ఎక్కువిస్తది. కొత్త టైరు ఎత్తుంటది, తక్కువ తిరుగుతది. మిగిలిన మూడు జారుతున్నయనుకొని కారు బలాన్ని అటిటు మారుస్తనే ఉంటది. నడుమ క్లచ్ బిళ్లలు రాసుకొని మాడిపోతయ్."

"ఇన్ని పైసలు పెట్టి గింత అనుమానపు కారు కొన్నవా సారూ? నాలుగూ కొత్తయి ఎయ్యరాదు?"

"ఒక్కటే దొరికింది. ఆదివారం దోస్తులతోని శ్రీశైలం పోవాలె."

సంజీవ కొత్త టైరు ఎక్కించాడు. దారాలు తేలిన టైరు తెచ్చి, ఈ ఒక్క పంట ఎల్లదియ్యమని రైతులు బతిమాలేవారు. ఇప్పుడు కొత్తదాన్ని పాతది చెయ్యమంటున్నారు. పళ్లచక్రం తగలగానే దగ్గు వచ్చింది. మిషన్ ఆపాడు. టైరు చుట్టూ టేపు పెట్టి చూశాడు. పాతదాని చుట్టూ పెట్టాడు. ఇంకా తేడా ఉంది. మళ్లీ తిప్పాడు. ఒకచోట ఎక్కువ పోతే టైరు పనికిరాదు.

సునంద గుమ్మంలోకి వచ్చింది. "డాక్టరు పోతడు. నీకు సోయి ఉన్నదా?"

"సగం గీరి ఎట్ల ఇడిచిపెడ్త?"

"టైరుకైతె కొలత జూస్తవ్. నీ దమ్ము ఎంత మిగిలిందో జూస్కోవు."

అతను మళ్లీ మిషన్ తిప్పాడు. చివరికి రెండు కొలతలూ కలిశాయి. రమాకాంత్ టైర్లు దొర్లించుకుంటూ పోయాడు. సంజీవ కొత్త టైరు తురుమును చీపురుతో ఒక మూలకు చేర్చాడు.

"గది గూడ పాత తురుము సంచిల పొయ్," అన్నాడు మల్లయ్య.

"రేపు పోస్త. అది ఏరే రబ్బరు."

దవాఖానకు చేరేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. రేపు రమ్మన్నారు. తిరిగొచ్చేటప్పుడు సునంద దారంతా తిట్టింది. సంజీవ "అవ్, అవ్" అంటూ కూర్చున్నాడు.

తెల్లారి ఆటో వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు.

సంజీవ దినాలు అయ్యాక మల్లయ్య షెడ్డు తెరిచాడు. పాత తురుము సంచులు కొనేవాడు వచ్చి ఎత్తుకుపోయాడు. మూలన చారెడు రబ్బరు మిగిలింది, ఒక్క రోజు కూడా రోడ్డు మీద తిరగనిది.