ఎండ కాసే పక్క

బోర్డులు రాసే పెయింటర్‌కి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ఆ ఇంట్లో రోజంతా రెండేసి గంటల లెక్కన నడిచేది. రెండు గంటలు ఎడమవైపు, రెండు గంటలు వెల్లకిలా, రెండు గంటలు కుడివైపు. వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపీ ఆవిడని వీధిలో అందరూ దిండ్లమ్మ అనేవాళ్ళు. ఏ దిండు ఎక్కడ పెట్టాలో పెయింటర్ భార్యకి ఆవిడే నేర్పింది. పడిపోయిన వైపు పడుకోబెట్టడానికి జాలిపడకూడదు, భుజం కాస్త ముందుకి జరిపి ఆ వైపు కూడా బరువు పడనివ్వాలి. ఎడమవైపు తిప్పినప్పుడు కుడిచెయ్యి ముందుకి చాచి, కింద లావుపాటి దిండు పెట్టాలి. చెయ్యి మాత్రం వేలాడకూడదు. వేలాడి భుజం బిగుసుకుపోతే తను వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే అని గట్టిగా చెప్పింది.

ఆయన్ని ఎడమవైపు తిప్పితే వీధిలో ఎండ కాసేది. వెల్లకిలా ఉంటే మబ్బు పట్టేది. కుడివైపు తిప్పితే వాన. వీధిలోవాళ్ళు గడియారం చూసుకుని బట్టలు ఆరేసుకునేవాళ్ళు. గొడుగులు బాగుచేసే అతను మాత్రం, ఆయన్ని కుడివైపు కూడా కాస్త ఎక్కువసేపు ఉంచమని మొహమాటపడుతూ అడిగేవాడు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో పెయింటర్ భార్యని ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. వచ్చినవాళ్ళంతా ఆయన కోసమే వచ్చేవాళ్ళు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, "వదినా, ఇంకో అరగంట ఎడమవైపే ఉంచవూ" అని బతిమాలుతున్నారు. అరగంటేగా అని ఆవిడ ఉంచేది. నిజం చెప్పాలంటే అలా అడిగించుకోవడం ఆవిడకి బాగుండేది. ఎవరికి బాగుండదు?

నాలుగో నెలలో ఆయన కుడిచేతి వేళ్ళు కదిలాయి. మాట ఇంకా రాలేదు కానీ, దిండ్లమ్మ బ్రష్షు అందిస్తే పట్టుకుని కాగితం మీద ఒక వంకర గీత గీశాడు. ఇలాగే జాగ్రత్తగా చూసుకుంటే ఇంకో మూడు నెలల్లో అక్షరాలు రాస్తాడంది. ఆ గీత చూసుకుని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఏడ్చారు.

సరిగ్గా అప్పుడే లాండ్రీ ఆయన కూతురికి పెళ్ళి కుదిరింది. వానాకాలం, ఆరుబయట పందిరి. "అక్కా, ఒక్క పూట. నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాడాయన.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఆవిడ భర్తని ఎడమవైపు తిప్పింది. పదకొండింటికి ఎవరో వచ్చి, మగపెళ్ళివాళ్ళు ఆనుకోవడానికి దిండ్లు చాల్లేదన్నారు. కాదనలేక ఆయన చేతి కింది దిండు తీసి ఇచ్చేసి, అక్కడ ఒక దుప్పటి మడత దూర్చింది. ఆయన ఎడమచేత్తో మంచం పట్టీ మీద తట్టాడు. ఐదు నిమిషాల్లో వచ్చి తిప్పుతానని చెప్పి, కొత్త చీర కట్టుకుని పందిట్లోకి వెళ్ళింది. అక్కడ ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళంతా ఎండ చాలా బాగుందని ఆవిడకే చెప్పారు.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. దుప్పటి నేల మీద ఉంది. కుడిచెయ్యి వీపు వెనక్కి జారి, మంచం అంచు మీంచి వేలాడుతోంది. భుజం వాచిపోయింది.

దిండ్లమ్మ నెల రోజులు తంటాలు పడింది. ఆ చెయ్యి జానెడు ఎత్తబోయినా ఆయన కేకలు పెట్టేవాడు. వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోయాయి. ఇక ఈ చెయ్యి రాయదని చెప్పి ఆవిడ తలొంచుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి వెళ్ళినా బాగుండేదని పెయింటర్ భార్యకి అనిపించింది.

కొన్నాళ్ళకి లాండ్రీ ఆయన కూతురు భర్తతో కలిసి స్వీట్లు తీసుకుని వచ్చింది. ఇద్దరూ కలిసి బట్టల షాపు పెడుతున్నారట. "బోర్డు మావయ్య చేతే రాయించుకుంటాం అత్తా. ఎన్నాళ్ళయినా ఆగుతాం" అంది.

అలాగేనమ్మా అని తలూపేస్తే సరిపోయేది. ఆవిడకి అలవాటైన పనే. కానీ ఈసారి ఊపలేకపోయింది.

"ఆ చెయ్యి నీ పెళ్ళికి ఇచ్చేశానమ్మా" అంది. "ఆయన్ని అడక్కుండా ఇచ్చేశాను."

పెయింటర్ భార్య మంచం దగ్గరికి వెళ్ళి, క్షమించమని అడగడానికి ఆయన వైపు వంగింది. ఒకరి సాయం లేకుండా ఆయన తిప్పుకోగలిగింది మొహం ఒక్కటే. దాన్ని గోడవైపు తిప్పుకున్నాడు.