వీపు లేని కోటు

నేను ఒక కోటును. నీలం రంగు, రెండు గుండీలు, ఎడమ రొమ్ము మీద ఓ జేబు. ముందు నుంచి చూస్తే కలెక్టరు తొడుక్కునే కోటులాగే ఉంటాను. వెనక నుంచి మాత్రం చూడకండి, నాకు వీపు లేదు. కాలరు కింద నుంచి అంచు దాకా నిలువునా చీరేశారు. ఆ సంగతి చెబుతాను, వినండి. మీకు తీరిక లేకపోయినా చెబుతాను. ఇన్నేళ్ళు మీ చెమటా, మీ తలనూనే, మీ గొప్పలూ భరించినదాన్ని, నా నాలుగు మాటలు మీరు భరించలేరా?

నన్ను కుట్టింది సికింద్రాబాదులో ఓ ముసలి దర్జీ. మనుషుల్లో నేను కాస్తో కూస్తో గౌరవించేది ఆయన్నొక్కణ్ణే, ఎందుకంటే పని చేస్తున్నంతసేపూ నోరు విప్పేవాడు కాదు. ఒక పెళ్ళికొడుకు రిసెప్షన్ కోసం కుట్టాడు. ఆ పెళ్ళికొడుకు నన్ను ఒక్క సాయంత్రం తొడుక్కుని, వచ్చినవాళ్ళందరితో చేతులు కలిపి, భోజనాలయ్యాక నా చేతి అంచుతో మూతి తుడుచుకున్నాడు. పక్కన తువ్వాలు ఉంది. అయినా నా చెయ్యే దొరికింది. ఆ తర్వాత పొట్ట పెరిగి గుండీలు పట్టకపోతే, ఉతికినప్పుడు కోటు ముడుచుకుపోయిందని డ్రైక్లీనింగ్ అతనితో గొడవ పెట్టుకుని, నన్ను అక్కడే వదిలేసి పోయాడు. మీ పొట్టలు పెరగవు, మా గుడ్డలే ముడుచుకుపోతాయి. సరే, అలాగే అనుకోండి.

అక్కణ్ణుంచి నన్ను ఫోటో స్టూడియో జంగయ్య తెచ్చుకున్నాడు. వీసా ఆఫీసు ఎదుటి సందులో అతని స్టూడియో. వీసా ఫోటోకి వెనక తెల్లటి తెర ఉండాలి. మన పెద్దమనుషులేమో పెద్ద పని మీద వెళ్తున్నామని తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వస్తారు. తెల్ల తెర మీద తెల్లచొక్కా ఏం కనబడుతుంది? తలకాయ ఒక్కటే గాలిలో నిలబడినట్టు వస్తుంది. అందుకని కోటు కావలసి వచ్చింది. లావుపాటివాళ్ళకీ బక్కవాళ్ళకీ ఒకటే కోటు సరిపోవాలని జంగయ్య కత్తెర తీసుకుని నా వీపు చీరేశాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నుంచి నన్ను తొడిగి, వెనకాల బట్టలారేసే క్లిప్పులు పెట్టేవాడు. ఎంత సన్నని మనిషికైనా నేను ఒంటికి కుట్టినట్టు కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కడైనా అద్దంలో వెనక్కి తిరిగి చూసుకోలేదు. ముందు బాగుంటే చాలు, మీ బతుకంతా అంతేగా.

మొదట్లో చదువులకి పోయే పిల్లలు వచ్చేవారు. వాళ్ళకి ఒళ్ళంతా భయం, చంకల్లో చెమట. వాళ్ళని కాస్త క్షమించేదాన్ని. ఈమధ్య రిటైరైనవాళ్ళు మొదలయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇక్కడే తిని, ఇక్కడే తిరిగి, పెన్షను చేతికి రాగానే ఈ దేశం మనుషులుండే చోటు కాదని కనిపెడతారు. పై దేశాల్లో ఏళ్ళ తరబడి ఉండనిచ్చే వీసాలు ఉన్నాయట. అక్కడ సముద్రం పక్కన ఇల్లు తీసుకుని, మిగిలిన జీవితం చల్లగా గడుపుతారట. వెళ్ళండి నాయనా. మిమ్మల్ని పట్టుకుని ఆపింది ఎవరు?

అలా వచ్చినవాడే పానకాలరావు. గుంటూరు వైపు ఏదో మునిసిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యానని, అడక్కుండానే చెప్పాడు. ఇప్పుడు నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుని ఉంటున్నాడట. మనిషి మాట ఎలా ఉన్నా జుట్టు మాత్రం ఒత్తు. నల్లగా రంగేసి, వెనక్కి దువ్వి, మీసం కూడా దానికి జోడీగా దిద్దుకొచ్చాడు. కూర్చున్న దగ్గర్నుంచీ దువ్వెన జేబులో పెట్టడు. పక్కన ఆయన భార్య వకుళ, కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నన్ను తొడుగుతున్నంతసేపూ ఆయన జంగయ్యకి థాయిలాండ్ గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఒక్కసారి ఎవరితోనో కలిసి వెళ్ళొచ్చాడట. అక్కడ అన్నీ పద్ధతిగా ఉంటాయట, ప్రతిదానికీ రూలుంటుందట. ఇక్కడేముంది, బిల్డింగులన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు, కిటికీ తీస్తే పక్కింటి గోడ, గాలి రాదు, అడిగే నాథుడు లేడు అని వాపోయాడు. అడగాల్సిన కుర్చీలో ఉద్యోగమంతా కూర్చున్నది తనే. ఆ గోడలన్నీ ఎవరి సంతకంతో లేచాయో నేను అడుగుదామంటే నాకు నోరు లేదు. జంగయ్యకి నోరుంది కానీ అడగడు, గిరాకీ పోతుందని భయం. "అవును సార్, మస్తు కరెక్టు చెప్పిన్రు" అని తల ఊపి క్లిప్పులు పెట్టాడు.

ఫోటో అయ్యాక ఆయన ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు. వకుళ వంతు వచ్చింది. చెవులు కనపడాలని జంగయ్య చెబితే జుట్టు సర్దుకుంటూ, అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉంటారా అని అడిగింది. తనకేం తెలుసు, తను కోఠీ బజారు దాటి ఎరగనన్నాడు జంగయ్య. అప్పుడావిడ, ఎవరితోనైనా అనేసుకుంటే పోతుందన్నట్టు, నెమ్మదిగా అంది:

"అక్కడ తెలుగు మాట్టాడేవోళ్ళే ఉండరంట బాబూ. ఇంక నాకు ఈయనొక్కడేగా మాట్టాడ్డానికి. కాపరానికొచ్చిన కాణ్ణించీ నేనేం చెప్పినా ఊ అంటారు, అంతే. ఆ ఊతో ఎట్టా బతకను?"

జంగయ్య కెమెరా వెనక్కి వెళ్ళిపోయాడు. నేను కుర్చీ వీపు మీద వేలాడుతూ ఆవిడ మిగతా మాటలు విన్నాను. సాయంత్రం అయ్యేసరికి అపార్టుమెంటు కింద బెంచీ మీద నలుగురు ఆడవాళ్ళు చేరతారట. ఒకరు కూర తెస్తే ఒకరు కబురు తెస్తారు. అత్తల మీద చెప్పుకోవడం అయిపోయింది, ఇప్పుడు కోడళ్ళ మీద చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఇన్నాళ్ళకి తనకి దొరికింది ఆ బెంచీయేనంది. ఇంతలో ఆయన లోపలికి వచ్చాడు. "ఏమండీ, చీర రంగు ఫోటోలో బాగా పడిందా?" అని అడిగిందావిడ. ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊ" అన్నాడు. నిజమే, ఆవిడ ఒక్క అక్షరం కూడా ఎక్కువ చేసి చెప్పలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చారు. జంగయ్య ముందు ఆవిణ్ణి గుర్తుపట్టాడు. పక్కనున్న మనిషిని పట్టలేదు. గుండు. నున్నగా, గంధం పూసుకుని, మీసం కూడా లేదు. ఆ మొహం మీద మిగిలింది కోపం ఒక్కటే.

జరిగింది ఆయనే చెప్పాడు, ఊళ్ళో వాళ్ళందరిదీ తప్పయినట్టు. వీసా రావాలని వేంకటేశ్వరస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడట. బాగానే ఉంది, అందరూ మొక్కుకుంటారు, పనయ్యాక తీర్చుకుంటారు. ఈయన అలా కాదు. పని జరక్కముందే పుచ్చుకునే ఆఫీసులో బతుకంతా గడిపినవాడు కదా, దేవుడికి కూడా ముందే ముట్టజెబితే ఫైలు గబగబా కదులుతుందనుకున్నాడు. కొండకి వెళ్ళి గుండు చేయించుకుని, నేరుగా వీసా ఆఫీసుకి వెళ్ళాడు. అద్దం వెనకున్న అమ్మాయి ఫోటోలో జుట్టూ మీసం చూసింది, ఎదురుగా ఉన్న గుండు చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. ఇప్పుడు మీరు ఎలా ఉన్నారో అలాంటి ఫోటో తెచ్చుకుని మళ్ళీ రమ్మని మర్యాదగా చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది.

ఇదేం దిక్కుమాలిన రూలు అని మండిపడ్డాడు పానకాలరావు. రూలుంటుందనే ఆ దేశం పోతున్న మనిషి! ఎంతమందిని ఈ రోజు పో, రేపు రా అని తిప్పాడో, వాళ్ళెవరైనా ఆ గది బయట నిలబడి ఉంటే వాళ్ళ కళ్ళు చల్లబడేవి. జంగయ్య నవ్వు ఆపుకోవడానికి ముక్కు తుడుచుకుంటూ నన్ను దులిపాడు. నేను ఆపుకోలేదు. కోటు నవ్వితే ఎవరికీ తెలియదు, అదొక్కటే మాకున్న సుఖం.

నన్ను తొడిగించుకుంటూ ఆయన భార్య మీద పడ్డాడు. అన్నీ నేనే చూసుకోవాలా, నువ్వైనా ఒక్క మాట చెప్పొద్దూ అన్నాడు. వకుళ సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఆయనకిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"చెప్పాను. ఫోటో ఇచ్చేసినాక గుండేందండీ, పనయ్యాక తీర్చుకుందాం అని రైల్లో చెప్పాను. ఊ అన్నారు. కల్యాణకట్టలో కూర్చోబోయే ముందు మళ్ళీ చెప్పాను. అప్పుడూ ఊ అన్నారు."

పానకాలరావు ఖాళీ సీసా ఆవిడ చేతిలో పెట్టి కుర్చీలో సర్దుకున్నాడు. జంగయ్య ఇదే అదనని, కదలకండి సార్ అని ఫోటో తీసేశాడు. తర్వాత, ఎలాగూ మళ్ళీ ఇవ్వాలి కదా, మేడమ్‌ది కూడా కొత్తది తీసేదా అని అడిగాడు. గిరాకీ ఎక్కడ కనబడితే అక్కడ చెయ్యి పెట్టే రకం.

"నాది వద్దు బాబూ," అంది వకుళ. "నేను పోవట్లా."

"ఏమిటీ?" అన్నాడాయన. ఆవిడ మళ్ళీ చెప్పింది. గొంతు పెంచలేదు. మీరు వెళ్ళండి, మీకు ఇష్టమైన చోటు, నేను అడ్డం రాను, నేను మాత్రం ఇక్కడే ఉంటాను అంది.

నేను ఆయన రొమ్ముకి అంటుకుని ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆ గుండె దడదడలాడింది. బెదిరిపోయాడు మనిషి. నువ్వు లేకుండా నేనుండలేను అనే మాట ఆ గుండెలోనే ఉంది, చొక్కా దాటి నాకు కూడా తగిలింది. ఆ ఒక్క మాట పైకి అని ఉంటే ఏమయ్యేదో! ఆవిడ కళ్ళెత్తి ఆయన నోటివైపే చూస్తోంది కూడా. ఆయన నోరు తెరిచాడు.

"నువ్వు రాకపోతే అక్కడ నాకు కాఫీ ఎవరు పెడతారు?"

వకుళ సంచీ భుజాన వేసుకుని లేచి, చెప్పులు తొడుక్కుని బయటికి నడిచింది. ఎంతో మందిని చూశాను కానీ, ఇంత పెద్ద తలకాయలో ఇంత చిన్న బుర్ర నేనెక్కడా చూడలేదు.

ఆయన కుర్చీ తోసుకుని లేచాడు. ఆవిడ వెనక పరుగెత్తాడు. నన్ను తొడుక్కునే పరుగెత్తాడు. స్టూడియోలో అడుగుపెట్టాక నేను వీధి చూడటం అదే మొదలు. సందు నిండా వీసా ఆఫీసుకి వచ్చిన జనం, టీ బండి, ఆటోలు. ఎదురుగా వస్తున్నవాళ్ళు నీలం కోటు చూసి ఎవరో పెద్దమనిషని పక్కకి తప్పుకుంటున్నారు. దాటిపోయాక వెనక్కి తిరిగి చూసి ఆగిపోతున్నారు. వెనకాల కోటు లేదు మరి. చెమటకి అంటుకుపోయిన తెల్లచొక్కా, దాని మీద వరసగా ఎర్రవీ పచ్చవీ క్లిప్పులు, పైన గుండు. టీ బండి దగ్గర ఎవరో గట్టిగానే నవ్వారు. ఇంకెవరో, సార్ వెనకాల ఏందో ఉంది చూస్కోండ్రి అన్నారు. పానకాలరావు పరుగెత్తుతూనే చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. వీపు తగిలింది, కోటు తగల్లేదు. అప్పుడు ఆగిపోయాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నా పరువు కూడా పోయింది. అయినా ఆయనది పోవడం చూస్తే నాది పోయిన బాధ తెలియలేదు.

వకుళ అప్పటికే ఆటోలో కూర్చుంది. పొమ్మని చెప్పలేదు, ఆగమనీ చెప్పలేదు. ఆయనే ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆటో నిజాంపేట దారి పట్టింది. ఆవిడ ఆయన్ని కాస్త ముందుకు వంగమని, క్లిప్పులు ఒక్కొక్కటీ తీసి, పనికొస్తాయని సంచీలో వేసుకుంది.

కోటు తెచ్చిస్తానని జంగయ్యకి ఫోన్ చేస్తే, ఉంచుకోండి సార్, గిప్పుడు ఫోటోకి కోట్లన్ని కంప్యూటర్లనే తొడుగుతున్నం అన్నాడట. ఇన్నేళ్ళు చేసిన చాకిరీకి అదీ నాకు దక్కిన వీడ్కోలు. ఆ కంప్యూటరు కోటుకి ముందూ లేదు, వెనకా లేదు. మీకు అదే తగినది లెండి.

వీసా వచ్చింది, పానకాలరావు వెళ్ళాడు. వెళ్ళాలని కాదు. వెళ్తున్నానని పాత ఆఫీసులో విందు కూడా ఇచ్చాడు, ఇప్పుడు వెళ్ళకపోతే తల ఎక్కడ పెట్టుకుంటాడు? విమానాశ్రయంలో దిగబెట్టి రావడానికి బెంచీ మీది ఆడవాళ్ళు నలుగురూ వకుళకి తోడు వెళ్ళారు. వచ్చేటప్పుడు దారిలో దోసెలు తిని వచ్చారని విన్నాను.

నన్ను వకుళ విప్పదీసింది. నా చేతులు పొయ్యి మీది గిన్నెలు దింపే గుడ్డలయ్యాయి. ముందు భాగాలు రెండూ కలిపి కుట్టి మిక్సీకి తొడిగింది. జేబు అలాగే ఉంచింది, దాంట్లో మిక్సీ జార్ వాషరు దాచుకుంటుంది. కొత్త యజమాని మిక్సీ. అది కూడా అరుస్తుంది కానీ, పని చేసేటప్పుడు మాత్రమే అరుస్తుంది. మీకంటే నయం.

ప్రతి సాయంత్రం ఫోను మోగుతుంది. ఆవిడ దాన్ని నాకు ఆనించి నిలబెట్టి, ముందు చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుంటుంది. తెర మీద పానకాలరావు మొహం, పైన కొత్తగా మొలుస్తున్న తెల్లజుట్టు, రంగేసే ఓపిక లేనట్టుంది. మాట్లాడతాడు, మాట్లాడుతూనే ఉంటాడు. సముద్రం చాలా పెద్దదట. పక్కింటివాళ్ళు చూసి నవ్వుతారట, ఒక్క మాట మాట్లాడరట. కొట్లో వేలు పెట్టి చూపిస్తే గానీ ఉప్పు కూడా దొరకదట. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదట, మొదటి మాట ఆవిడతోనేనట. కింద బెంచీ మీది ఆడవాళ్ళు వకుళను రమ్మని కేకేస్తుంటారు. ఆయనకి అది వినపడుతుంది, ఆగుతాడు.

"వకుళా, వింటున్నావా?" అంటాడు.

ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టి, తల ఎత్తకుండానే అంటుంది: "ఊ."